కత్తెర కాయ

పదిహేడు.
ఫిజిక్స్‌ల అరవైకి పదిహేడు.
నల్లగొండ క్లాక్ టవర్ కాడ నెట్ సెంటర్ల
మెమో ప్రింటు తీసినాయన
ఐదు రూపాయలు తీసుకోలే.
"ఉండనియ్యమ్మా" అన్నడు.
అంతకన్న గట్టిగ నన్నెవరూ తిట్టలే.

కెమిస్ట్రీల ఇరవై రెండు, ఒడ్డున పడ్డ.
బాటనీల ముప్పై ఒకటి.
డాక్టరయితనని వాడంతా చెప్పిన నోరు నాదే,
ఇప్పుడు దానికి అన్నం ముద్ద గూడ ఎక్కువే అనిపించింది.

పదో తరగతి దాక నాకు అన్నీ ఎరుకే.
జడత్వం ఎరుకే, ద్రవ్యవేగం ఎరుకే,
పత్రహరితం అంటే ఆకు నెత్తురని గూడ ఎరుకే.
కాలేజి గడప దాటంగనే
ఆ మాటలన్నీ పేర్లు మార్చుకున్నయి.
సారు మొమెంటం అన్నడు,
ఎవరో కొత్త మనిషి అనుకున్న.
దసరా సెలవులల్ల తెలిసింది
అది మా ద్రవ్యవేగమేనని,
ప్యాంటు షర్టు ఏసుకొని
నన్ను చూసి గుర్తుపట్టనట్టు నిలబడ్డదని.

నాయిన బత్తాయి మార్కెట్ల కాయ ఏరుతడు.
పెద్దది ఒక కుప్ప, నడిమిది ఒక కుప్ప,
మంగు పట్టింది గోడవతల కుప్ప.
కండ్లు మూసుకున్నా చెయ్యి తప్పదు.
నా మెమోను గూడ అట్లనే పట్టుకున్నడు
బరువు చూస్తున్నట్టు.
ఏ కుప్పల ఏస్తడోనని నిలబడ్డ.
మడిచి అంగీ జేబుల పెట్టుకున్నడు.

రాత్రి నాతోని గాదు, గోడతోని అన్నట్టు అన్నడు:
"సీజన్ కాయకు రేటెక్కడిది.
చెట్టుకు నీళ్లు బందువెట్టి
ఆకు వాడినంక ఇడిస్తే కత్తెర కాయ వస్తది.
దానికోసం ఢిల్లీ లారీ ఆగుతది."
నాకు కోపమొచ్చింది.
నేను చెట్టును గాదు నాయినా,
నాకెవరూ నీళ్లు ఆపలే,
ఏ గ్లాసుల తాగాల్నో నాకే తెల్వలే.

తెల్లారి రెండు వందల పేజీల నోటు కొన్న.
నడుమ గీత కొట్టిన.
ఎడమ దిక్కు మా మాటలు, కుడి దిక్కు వాళ్ల మాటలు.
నఫీసా వచ్చి అంచు మీద వాళ్లమ్మ మాటలు రాసింది,
గుండెకు మూడు పేర్లయినయి,
కొట్టుకునుడు మాత్రం ఒక్కటే.

రిటైరైన ముత్తిలింగం సారు
ఫీజు కింద వారానికి నాలుగు మంగు కాయలు తీసుకునేటోడు.
"లెక్క తర్వాత. ముందు బొమ్మ గియ్యి.
ఏ బలం ఎటు గుంజుతుందో బాణం పెట్టు."
నాయిన నెత్తి మీది డబ్బాను గీసిన.
కిందికి ఒక బాణం, ఇరవై ఐదు కిలోలు.
పైకి గియ్యాల్సిన బాణం
ఎంతసేపు చూసినా దొరకలే.
సారు పెన్సిల్ మొన
నాయిన మెడ మీద పెట్టి వదిలేసిండు.
ఆ లెక్క నేనిప్పటిదాక తప్పలే.

సప్లిమెంటరీల నలభై ఒకటి.
సెకండియర్ల యాభై రెండు.
నీట్ల మాత్రం మళ్ల బోర్ల పడ్డ,
ఈసారి ఎవరికీ ముందుగాల చెప్పలే కాబట్టి
దెబ్బ కొంచెం తక్కువ తాకింది.
ఒక ఏడాది ఇంట్లనే.
పొద్దుగాల నాలుగింటికి
నాయిన సైకిల్ స్టాండు తీసే సప్పుడే నా అలారం.
నోటు నిండింది. ఇంకోటి కొన్న.
రెండో దాంట్ల నడిమి గీత
ఎన్నో పేజీ కాడ మానేసిన్నో గుర్తులేదు.

మొన్న హాల్ టికెట్‌కు అదే నెట్ సెంటర్‌కు పోయిన.
రెండు కాపీలు, పది రూపాయలు.
ఇంకో ఐదు బల్ల మీద పెట్టిన.
"ఎక్కువిచ్చినవమ్మా" అన్నడు.
"పాతది" అన్న.
ఆయనకు గుర్తులేదు.
బయట ఎండ.
కత్తెర కాయ లారీ ఒకటి
దారి ఇయ్యుమని హారన్ కొడుతున్నది.