వాలుగ దవడ

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్లో, మేడ మీది క్లినిక్కులో
డాక్టరమ్మ రెండు నమూనాలు బల్ల మీద పెట్టింది.
ఒకటి ఉల్లిపొరలా కనబడీ కనబడనిది,
రోజుకి ఇరవై రెండు గంటలు పళ్ళకి తొడుక్కోవాలి,
టీ తాగాలంటే తియ్యాలి, జంతిక కొరకాలన్నా తియ్యాలి.
రెండోది తీగ.
అందరికీ కనబడుతుంది, ధర సగానికి సగం.

"ఆలోచించుకు రండి" అంది.

పొందూరు బస్సులో కిటికీ పక్కన
పెదవులు మూసుకునే ఆలోచించాను.
ముప్పై ఒక్కేళ్ళుగా ఫొటోల్లో అలాగే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి సన్యాసమ్మత్త
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
వేలెడంత ఎముక, నూకల కంటే సన్నటి పళ్ళు,
ఒక్కటీ వరస తప్పలేదు.
"ఈ సేపకెవుడేసినాడే తీగ?" అని నవ్వింది.
ఆవిడకి ముందు పళ్ళు రెండూ లేవు.
నవ్వుకి ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకోదు.

కనబడనిదే కావాలన్నాను.
దువ్వడం ఆపకుండానే అంది:
"తీసి పక్కనెట్టీ వస్తువు నీ సేతిలో నిలుస్తాదేటి?
కళ్ళజోడు ఎన్నిపాల్లు పారేసినావు?"

నాలుగు.
ఒకటి నాగావళిలో.

సోమవారం తీగ వేయించుకున్నాను.
రాత్రంతా దవడ సలుపు,
గంజి తాగి గోడకి తిరిగి పడుకున్నాను.

మర్నాడు ఖాదీ కొట్లో
ఎవరో పంచె మడత విప్పి ధరెంతన్నాడు.
మర్చిపోయి నోరంతా తెరిచి చెప్పేశాను.
అతను నా మొహంలోకే చూశాడు, ఒక్క క్షణం,

వంద తగ్గించమన్నాడు.