రెండక్షరాల బాకీ

రాజోలులో కాలవ గట్టున, మందుల షాపు మీద
రేకు బోర్డు నాది.
కింద మూల చిన్నగా ‘దేవదానం ఆర్ట్స్’ అని ఉంటుంది చూడండి.
ముప్పై ఏళ్ళలో పళ్ళ డాక్టర్లు, పిల్లల డాక్టర్లు,
ఆవు బొమ్మ కూడా వెయ్యమన్న పశువుల డాక్టరు,
అందరి చదువులూ నా కుంచె కిందే పాసయ్యాయి.
ఈ మాట మాత్రం ఎప్పుడూ రాయలేదు.

మొదట ‘రుమాటాలజీ’ అని దీర్ఘం ఇచ్చాను.
షాపు కుర్రాడు కింద నుంచి
“రుమాళ్ళ డాక్టరా బాబాయ్?” అన్నాడు.
కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలెట్టాను.

డాక్టర్ కుడుపూడి ప్రసూన.
కాకినాడలో ఎంబీబీఎస్. విశాఖలో ఎండీ. ఆ కింద డీఎం.
నెలలో రెండో, నాలుగో ఆదివారాలు మాత్రమే.
నిచ్చెన కింద స్టూలేసుకుని ముంజెలు తింటూ
ఆవిడే ఒక్కో లైనూ చెప్పింది.
డీఎం దగ్గర అడిగాను, ఇన్ని చదువులుండగా ఇదెందుకమ్మా అని.
“గుండె చదువుదామనుకున్నానండి. ర్యాంకు చాల్లేదు.
కీళ్ళ సీటు మిగిలితే తీసుకున్నా” అంది,
ముంజె వేలితో తవ్వుకుంటూ, ఏం సిగ్గు లేకుండా.
కాస్త ఆగి,
“చేరిన వారం ఒకావిడొచ్చింది. ముప్పై నాలుగేళ్ళు.
జాకెట్టు హుక్కు పెట్టడానికి ఆరేళ్ళ కూతుర్ని లేపుతుందట రోజూ.
ఎక్స్‌రే చూసినవాళ్ళంతా ఏమీ లేదన్నారట.
ఆ రాత్రి పుస్తకం తెరిస్తే తెల్లారిపోయింది.”
ఇది బోర్డు మీద ఎక్కడ రాయను?

చివరి లైను ‘ఇమ్యునాలజీ’.
అంటే ఏంటన్నాను.
“రొయ్యల చెరువు గట్టున కాపలావాడుంటాడు కదా.
ఒకరాత్రి మేత వెయ్యడానికొచ్చిన రైతునే
దొంగనుకుని కర్ర ఎత్తాడనుకోండి.
వాణ్ణి మానిపించలేం, చెరువు ఖాళీ అయిపోద్ది.
రైతు మొహం వాడికి గుర్తుచెయ్యాలి.”

‘ఇమ్యు’ దాకా బాగానే వచ్చింది.
‘నా’ ముగిసేలోపు కుంచె రెండుసార్లు జారింది.
ఎర్ర చుక్క ఆవిడ చెప్పు మీద పడింది.
“దిగండి” అంది.
“వేళ్ళ సందులో ఇరికించి పట్టుకుంటున్నారు. ఎన్నాళ్ళనుంచి?”
అలవాటమ్మా.
“పొద్దున్న పిడికిలి విప్పుకోడానికెంతసేపు?”
నాకు గడియారం లెక్క తెలీదు.
రెండు టీలు, ఒక బీడీ, మా కరుణమ్మ తిట్లు.
ఒక్కో కణుపూ నొక్కి చూసింది,
సపోటాలు మగ్గాయో లేదో చూసినట్టు.
పన్నెండు లెక్కపెట్టింది.
చీటీల పుస్తకం ఇంకా ప్రెస్సు నుంచి రాలేదు.
రంగు డబ్బా చుట్టిన కాగితం మీద నా పేరు రాసి
ఒకటో నంబరు వేసింది.

ఆ మాత్ర వారానికి ఒక్కరోజే, రోజూ వేస్తే ప్రాణానికి ముప్పని
మూడుసార్లు చెప్పి, కరుణమ్మ చేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది.
చర్చి క్యాలెండర్లో శనివారాలన్నిటికీ సున్నాలు చుట్టింది కరుణమ్మ.
నెలకోసారి రక్తం.
మొదటి నెల ఏ మార్పూ లేదు. రెండో నెల వికారం.
మానేస్తానన్నాను.
“గోదారి ఎర్రనీళ్ళు ఒక్కరోజులో తేరుకుంటాయా?” అంది డాక్టరమ్మ.

ఫ్లెక్సీ షాపు సతీషు గంటలో కొట్టిస్తానన్నాడు, ఫొటోతో సహా.
ఆవిడ వద్దంది.
బోర్డు అలాగే ఉండిపోయింది, ‘ఇమ్యునా’ అని.
సఖినేటిపల్లి నుంచి వచ్చేవాళ్ళు అది ఇంటిపేరనుకున్నారు.
అంతర్వేది ముసలమ్మ ఒకామె
“ఇమ్యునమ్మగారున్నారా?” అంటూ వచ్చేది.

మూడు నెలలు దాటాక ఒక శుక్రవారం
బీడీ ముట్టించకముందే పిడికిలి తెరుచుకుంది.
భయం వేసింది, ఎవరి చెయ్యో పక్కలోకొచ్చినట్టు.
ఆదివారం దాకా ఎవరికీ చెప్పలేదు.

పాత ఎరుపు డబ్బాలోనే గడ్డకట్టింది.
కొత్తది కొని రాశాను, ‘ల’. తర్వాత ‘జీ’.
రంగు కాస్త ముదురు. ‘జీ’ తోక కొంచెం వంకర.
దిగేసరికి లోపల ఆవిడ
పద్నాలుగో నంబరు చేతులు చూస్తోంది.
పైకి చూడను కూడా లేదు.
కూలి జూన్‌లోనే ఇచ్చేసింది మరి.