రేకు తలుపు

మాది కరెంటు పని.
స్తంభం ఎక్కితే మూడు లంకలు కనిపిస్తాయి,
దిగితే ఆకలి.

ఏటిగట్టు దిగువన, రేవు పక్కన
గనెమ్మ పాక.
బోర్డు లేదు. పొగే బోర్డు.
తెల్లారగట్ల కొబ్బరి డొక్కల పొగ
నీళ్ళ మీద వంగి, సగం పాయ దాకా నడిచెళ్ళి
పంటులో వచ్చేవాళ్ళని ముక్కు పట్టుకుని లాక్కొచ్చేది.

ఉన్నవి రెండు బల్లలు.
ఒకదానికి నాలుగో కాలు ఇటిక.
ఈ చివరి మనిషి లేస్తే
ఆ చివరి మనిషి టీ ఒలికిపోయేది.
అందుకని అక్కడ చెప్పకుండా ఎవరూ లేవరు.
"లేస్తన్నానండి."
"ఆయ్, లేవండి."

మినప రొట్టెకి మాత్రం ఆవిడ తొందరపడదు.
మందపాటి గిన్నెలో పిండి, మూత మీద నిప్పులు,
పైనా సెగే, కిందా సెగే.
"లోపలుడకాలి బాబూ, పైన మాడితే ఏం లాభం" అనేది.
రొట్టె గురించే అనేది.
మేమే ఎందుకో ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకునేవాళ్ళం.
అడుగు ఎర్రగా కరకరలాడుతూ, నడుమ దూదిలా,
బెల్లం పాకం ఎంత పోసినా
తాగేసి, ఏం ఎరగనట్టు కూర్చునేది రొట్టె.

చదువు రాదావిడకి.
బొగ్గయితే వాన చెరిపేస్తుందని
రేకు తలుపు మీద మేకుతో గీసేది అప్పులు.
పేర్లు కాదు, బొమ్మలు.
మీరావలికి చేప, తోక పైకి.
ఏసుపాదానికి తెడ్డు.
బుల్లెబ్బాయి గారికి కొబ్బరికాయ,
అది కాయ కాదు, ఆయన గుండని
ఆయనకి తప్ప రేవంతటికీ తెలుసు.
నాకు స్తంభం, పైన రెండడ్డ కర్రలు.
కింద, పూటకో గీత.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది.
ఎక్కడో కొండల మీద ఎవరి కప్పు మీదో పడ్డ వాన
మా రేవుకొచ్చి పాక నెత్తుకుంది.
బల్లలు పోయాయి. ఇటిక పోయింది. తలుపు పోయింది.
నేను లైన్లన్నీ ఆపేసి
చీకట్లో గోదారి చప్పుడు విన్నాను మూడు రాత్రులు.

పదో నాడు గట్టు మీద మూడు రాళ్ళు,
పైన నీలం పట్టా, కింద పొగ.
ఒక్కొక్కళ్ళం వెళ్ళాం.
"నీదెన్ని బాబూ?" అనడిగింది అందర్నీ.
మీరావలి తొమ్మిదన్నాడు.
ఏసుపాదం తల గోక్కుని ఇరవై అంటే
"పదారేరా, పో" అని కసిరింది.
బుల్లెబ్బాయి గారు లెక్క చెప్పకుండా
మడత నోటు పెట్టి వెళ్ళిపోయారు.
నేను పద్నాలుగన్నాను.
నా మొహంలోకి ఓసారి చూసింది.
"పద్నాలుగే" అంది.

కార్తీకంలో, దిగువ లంకలో
తెగిన తీగ కోసం వెళ్ళాను.
ఓ ఇంటి పెరట్లో బాతుల గూటికి
అడ్డంగా రేకు.
తోక పైకెత్తిన చేప.
దాని పక్కనే, తుప్పులో, నా స్తంభం.
గొంతుక్కూర్చుని వేలు పెట్టి లెక్కేశాను.
పదిహేడు.
కిందనించి పైకి మళ్ళీ లెక్కేశాను.
పదిహేడే.
ఓ బాతు బయటికొచ్చి
అనాల్సిందేదో అనేసి పోయింది.

"ఏంటండీ చూత్తన్నారు?" ఆ ఇంటి పిల్ల.
"ఏం లేదమ్మా, రేకు మంచిది."
"ఏట్లో కొట్టుకొచ్చిందండి. ఎవరో పిల్లలు గీసుకున్నట్టున్నారు."

మరిచిపోయి చెప్పానా, తెలిసే చెప్పానా?
స్తంభమెక్కి తీగ కలుపుతున్నంతసేపూ ఇదే.
పైనించి చూస్తే మూడు లంకలూ కనిపించాయి,
దూరంగా ఆ పొగ కూడా.
మూడు గీతలే కనిపించలేదు నాకు,
అప్పుడు.

మర్నాడు తినకముందే
నాలుగు పూటల డబ్బిచ్చాను.
లెక్కపెట్టుకుంది. బొడ్లో దోపుకుంది.
మూత ఎత్తి చూసి, మళ్ళీ పెట్టేసి
"ఇంకా ఉడకాలి, కూకో" అంది.

కొత్త బల్ల. నాలుగు కాళ్ళూ సమానం.
ఎవరు లేచినా ఇప్పుడెవరి టీ ఒలకదు.
అయినా ఆ చివర ఏసుపాదం గ్లాసు చూసి
"కూర్చుంటన్నానండి" అన్నాను.