ఓడెక్కే ముందు, అండాళూ

సముద్రం లేని ఊరు మనది.
ఒకరోజు ముందే కాచిగూడల రైలెక్కు.
పొద్దుగాల దిగి అటే రేవుకు పోదామనుకోకు,
రైలు లేటైతే ఓడ ఆగదు.
అదేమన్న మన ఎనిమిదో నంబరు బస్సా,
అఫ్జల్‌గంజ్ మలుపుల చెయ్యెత్తితే ఆపనీకె?

పెద్ద పెట్టె రేవులనే తీసుకుంటరు,
గదికి చేరేసరికి దీపాలు పెట్టే యాళ్ల.
బీపీ గోలీలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు
భుజం సంచిలనే ఉండాలె.
నేను గోలీలు పెట్టెల పెట్టి
సాయంత్రం దాక తల పట్టుకొని కూసున్న.

ఇస్త్రీ పెట్టె వద్దు. కెటిల్ అసలే వద్దు.
సబీహా వద్దంటే ఇనక పట్టుకొచ్చింది,
కెటిల్ వాళ్లకిచ్చి రసీదు తెచ్చుకున్నది.

గది నడిమి అంతస్తుల అడుగు,
బస్సుల వెనక సీటు కుదుపు నీకెరికే కద.
అల్లం మురబ్బా కొంగుకు కట్టుకో.
చిట్టీ పైసలన్నీ టికెట్టుకే పొయ్యకు,
ఒడ్డున దిగి తిరగాలంటే మళ్ల అడుగుతరు.

ఎక్కంగనే అందర్నీ వరసల నిలబెట్టి
నారింజ రంగు జాకెట్టు తొడిగి చూపిస్తరు.
నవ్వకు. మంచిగ ఇను.
దానికొక విజిలుంటది, అండాళూ.
ముషీరాబాద్ డిపోల ఇరవై ఆరేండ్లు ఊదిన నోరు నాది.
"ఊదొద్దు ఆంటీ" అన్నడు ఆ పిలగాడు.

తాళ్లు ఇప్పిండ్రు.
ఎవ్వరేమీ అనలే.
అంత పెద్ద బండి ఊరికెనే కదిలింది.
నాకు పాణం ఆగలే,
రెయిలింగు మీద రెండుసార్లు చరిచి
రైట్, రైట్ అన్న.