పులిజూదం బండ

ముందువైపు ఊరందరికీ తెలుసు.
'దేవుని మహిమార్థమై' అని మొదలు.
కింద ఎవరో దొరసాని పేరు,
ఏడాదికో పూత సున్నం తాగి సగమే మిగిలింది.
ఫిబ్రవరి ఆరా, తొమ్మిదా అని
పండగ పెట్టే ముందు
కమిటీలో ఏటా ఒక తగువు.

మొన్న స్వాతి వానకు
నల్లబండపల్లె చర్చి హాలు తూర్పుగోడ
పొట్ట ఉబ్బి జారింది.
మస్తాన్ మేస్త్రి గడ్డపారతో బండను ఊడదీసి
వెల్లకిలా తిప్పి
తువ్వాలతో మట్టి తుడిచి పిలిచాడు:
"సార్, ఈపక్క ఇంకేందో ఉండాది."

నెత్తిన ఒక కొన,
కొన నుంచి జారే గీతలు,
వాటిని కోస్తూ అడ్డగీతలు.
వేళ్లు తగిలి తగిలి నున్నబడిన గుంతలు.
పులిజూదం.

అప్పుడు గుర్తొచ్చింది
జేజి దోర్కమ్మ చెప్పిన మాట.
మద్రాసులో చెక్కించిన పాలరాయి
రైలు దిగి, బండెక్కి,
పెన్న ఇసకలో ఇరుసు విరిగి రెండు ముక్కలైందంట.
తెల్లారితే దొరసాని వస్తాది.
గనిలో రాళ్లు కొట్టే పుల్లన్న
మధ్యాన్నాలు తాము కూర్చునే నాపబండనే
భుజం మార్చుకుంటూ మోసుకొచ్చినాడంట.
దేవభూషణం అయ్యవారు బొగ్గుతో రాస్తే
రాత్రంతా లాంతరు కింద
అక్షరమంటే తెలియని చెయ్యి
కొమ్మునూ దీర్ఘాన్నీ
చీమల బారును చూసి గీసినట్టు చెక్కింది.
తేదీ అంకె మరిచి
చివర్లో చీటీ మీద రాసిచ్చినాడు అయ్యవారు.
చీటీ ఎటు పట్టుకోవాలో
పుల్లన్న అడగలేదు.

పొద్దున వెండి తాపీ, బూట్లు, గొడుగు, కీర్తన.
పుల్లన్న బండ్లోళ్ల పక్కన నిలబడినాడు.

కోపమొచ్చింది చిన్న నాగడికి ఒక్కడికే.
"ఆట మధ్యలో బండెత్తుకపోయినాడు,
నా మేకలు గెలుస్తాండె" అని
చచ్చేదాకా అన్నాడంట.
ప్రసంగం ఒక ముక్క వినకపోయినా
ఆదివారం తప్పకుండా వచ్చి
ఆ గోడకే వీపు ఆనించి కూర్చునేవాడంట.
అతన్ని విశ్వాసుల పుస్తకంలో రాయాలా వద్దా,
అదొక తగువు.

"జూదం గీతలు దేవుని ఇంట్లోనా?"
పాస్టరు గారి గొంతు కొంచెం పెరిగింది.
"నూరేండ్లుగా ఉండాయి కద సార్,"
అన్నాడు మస్తాన్ బీడీ ఆర్పుతూ.

అన్నాల వేళ.
మూడు ఇటుక పెంకులు పులులు,
పదహైదు చింతగింజలు మేకలు.
నేనొక వైపు, మస్తాన్ ఒక వైపు.
పాస్టరు గారు కాసేపు నిలబడి చూశారు,
కాసేపు వంగి చూశారు,
"దాన్ని కాదయ్యా, ఆ మూల మేకను జరుపు" అన్నారు.

ఆట తెగలేదు.
తట్టలో సిమెంటు గట్టిపడతాందని
కూలామె జానకమ్మ కేకేసింది.
అక్షరాలు బయటికి, గీతలు లోపలికి,
బండ ఎక్కడిదక్కడే కూర్చుంది.

గింజలు ఏరి లెక్కపెడితే పద్నాలుగే.
ఒకటి పులి తిన్నదో,
గోడ తిన్నదో.