గోడ నాకిన ఆవు

పలమనేరు దోవలో మా ఊరి పాలకేంద్రం.
తెల్లారి ఐదున్నరకే మిషను కీచుమంటుంది.
చీటీ మీద నా పేరు, రెడ్డెమ్మ,
దాని కింద వెన్న: మూడు పాయింట్ ఒకటి.
"నీళ్లు గాని కలిపినావా అత్తా?"
అని కేంద్రం పిల్లోడు నవ్వతాడు.
కలిపేదానికి నీళ్లు యాడివి నాయనా,
బోరు ఎండి రెండు ఎండాకాలాలు.

ఆవు పేరు చామంతి.
గ్రూపు లోను మీద కొన్నది. ఇంకా పద్దెనిమిది కంతులు.
పూటకు ఎనిమిది లీటర్లన్నాడు దళారి.
నా బకెట్టు నాలుగు దాటి ఎరగదు.

వరిగడ్డి వేస్తిని, చెనిక్కట్టె వేస్తిని.
అది మాత్రం
గోడ నాకుతుంది.
సున్నం పెచ్చులు, మన్ను,
ఒకనాడు గంగులప్ప బనీను,
ఒకనాడు నా ఎడమకాలి చెప్పు.
మా అత్త ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది.
ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గినాం.
ఆవు తీరిగ్గా చెప్పు నమిలింది.

పశువుల ఆస్పత్రి నుంచి షమీమ్ వచ్చింది స్కూటీ మీద.
పక్కటెముకలు వేళ్లతో తడిమింది,
పేడను పుల్లతో చిదిమి చూసింది.
"దిష్టి కాదక్కా, ఎముకల్లో ఆకలి.
తన ఎముకలు కరిగించి నీ బకెట్లో పోస్తావుంది,
పోయింది తెచ్చుకునేదానికి నీ గోడ తింటావుంది."

నేనేమీ అనలేదు.
పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు
నేను బలపాలు తిన్నాను.
ఆడబిడ్డ కొడుకు బడిసంచిలోంచి దొంగిలించి
దొడ్డి వెనక నిలబడి, కరకరా.
ఇదే అత్త పట్టుకుని నోటి మీద కొట్టింది.
"ఏం తక్కువైందే నీకు?" అని అరిచింది.
అది అడగడం కాదు.

గడ్డి కత్తిరించి తడిపినాను.
దాణాలో రోజూ గుప్పెడు లవణాల పొడి, మునగాకు,
పట్టుపురుగుల రాజన్న షెడ్డు కాడ పారేసే మల్బరీ కొమ్మలు.
గోతిలో పాత ఎన్నికల ఫ్లెక్సీ పరిస్తే
ఎవరిదో నవ్వు మీద అజొల్లా పచ్చగా కమ్ముకుంది.
రాత్రంతా ముందర తొట్టి నిండుగా ఉండాలంది షమీమ్.
ట్యాంకరు నీళ్లు, బిందె పది రూపాయలు.
"మనకే లేవు, ఆవుకా?" అని గంగులప్ప రెండు రోజులు మాట్లాడలేదు.

పదిహేను రోజులు ఏమీ లేదు.
నేనే షమీమును తిట్టుకున్నాను.
తర్వాత ఒక పొద్దున బకెట్టు
చేతికి బరువు తెలిసింది.
ఐదుంపావు.
చీటీలో మూడు పాయింట్ ఎనిమిది.
కేంద్రం పిల్లోడు మిషను రెండుసార్లు కడిగి
మళ్లీ కొలిచినాడు.

కంతులు తీరలేదు. చెక్క ధర మళ్లీ పెరిగింది.
పంటి గాట్ల చెప్పే తొడుక్కుని తిరుగుతున్నాను.
గోడకు మాత్రం, ఆవు నాకిన చోట,
అరచెయ్యంత గుంట.
పండక్కి పూడ్చి సున్నం కొట్టమంటుంది అత్త.
కొడతాలే అంటాను, కొట్టను.
నిన్న ఎవరూ లేనప్పుడు వేలు పెట్టి చూశాను.
చల్లగా, నున్నగా,
బలపం మాదిరే ఉంది.