రెండింటికి

మెహిదీపట్నంల బస్సెక్కినం.
దిగుతుంటే కండక్టరు పిల్లగాడు ఆపిండు,
"గుడి ఇంకా రాలే పెద్దమ్మా" అని.
మాది గుడి కాదు బిడ్డా, అడవి అన్న.

మృగవని గేటుకాడ ఖాజామియా లేచి నిలబడ్డడు.
"బుచ్చిలింగం సాబ్, ఈ ఏడు కూడా వచ్చిండ్రా?"
వచ్చినం. ఆయన పింఛను మొదలైనకాణ్నించి
ఇది పదకొండోసారి.
కేబీఆర్‌ల నడవనిస్తరు గని పడుకోనియ్యరు.
ఇక్కడ ఏడాదికొక్క రాత్రి
గుడారమేసుకునే జాగ ఇస్తరు.

ఆయన భుజాన టెంటు.
నా సంచిల సర్వపిండి, మామిడి తొక్కు, బీపీ గోలీలు.
పదకొండేండ్లకు కూడా మేకు వంకరపోతనే ఉంటది.
రాయితోని కొడ్తడు, రాయిని తిడ్తడు.
నేను బండమీద కూసోని
ఎటు గుంజాల్నో చెప్త. వినడు.

ముప్పై నాలుగేండ్లు జలమండలిల వాల్వు తిప్పిండు.
అర్ధరాత్రి రెండింటికి లేచి, సైకిలుకు పొడుగు తాళంచెవి కట్టుకొని
కార్వాన్ గల్లీలకు నీళ్లిడిచేటోడు.
నేను నీలోఫర్‌ల రాత్రి ఆయాను.
ఊరు నిద్రపోతుంటే
ఆయన నల్లాలను ఏడిపిచ్చేది,
నేను పసిపిల్లల ఏడుపు ఆపేది.
ఇద్దరికీ ఒకటే మంచం.
ఆయన పండి లేచిన గుంతల నేను పండేది,
పొద్దుగూకి ఆయనకు అప్పజెప్పేది.
చానా ఏండ్లు నాకు తెలిసిన మొగడు
ఆ దుప్పటి వెచ్చదనమే.

చీకటి పడ్డది.
ఏం చీకటి,
అవుటర్ రింగు లైట్లు ఆకాశాన్ని పసుపునీళ్లల్ల ముంచినయి.
లారీ హారను కొట్టింది. నెమలి జవాబిచ్చింది.
నెమలి గొంతే పెద్దది.
"గండిపేట వాసనొస్తుంది" అన్నడు గాలి పీల్చి.
"గండిపేట నీళ్లు తాగినోళ్లమని అందరు చెప్పుకుంటరు,
తాపినోని పేరు ఎవలన్న అడిగిండ్రా?"
అడగలేదని ఒప్పుకున్న.
ఇంకో సర్వపిండి ముక్క ఇచ్చిన.

రెండింటికి లేచిండు. గడియారం అక్కర్లేదు ఆయనకు.
టెంటుల కూసోని చెవి నిక్కబెట్టిండు.
టప్.
నాకు వినపడలే.
టప్.
"కనకవ్వా, టార్చి పట్టు."

గడ్డిల చెప్పులు తడిసి జారుతున్నయి.
జింకల తొట్టి నింపే ట్యాంకు,
దాని వాల్వు మెడకాడ ఒక చుక్క
ఊగి ఊగి పడుతుంది.
చెయ్యి ఆనిచ్చి చూసిండు, నాడి చూసినట్టు.
"వాచరు పోయింది."
జేబుల్నుంచి జనపనార తీసిండు.
పింఛను తీసుకునే మనిషి జేబుల
జనపనార ఎందుకుంటదో నన్నడగకుండ్రి.

నా చెయ్యి వణికి టార్చి కిందికి జారింది.
చుక్క పడ్డకాడ దోసెడంత గుంట.
దాని ఒడ్డు బురదల
పిట్టకాళ్లు, ముంగిస పంజాలు,
ఇంకా ఒకటి, నా చిటికెనవేలు గోరంత గిట్ట.
నిన్న మొన్న పుట్టిన పిల్లది.
దానికి తొట్టి అంచు అందదు.

నార వేలికి చుట్టుకుంటూ నిలబడ్డడు,
విప్పుతడు, మళ్ల చుడ్తడు.
ఎక్కడన్న కారితే
అన్నం ముందలికెల్లి లేచిపోయిన మనిషి.
ఆఖరికి నేనే అడిగిన,
"లీకేజీ రిజిస్టర్ల రాసుకోవా?"

"ఇది నా సెక్షను కాదు" అన్నడు.

టెంటుల ఇద్దరం ఒక్కసారే పండినం.
ఎవల గుంత ఎవలదో తెలుస్తలేదు.
నిద్రల గూడ, టప్ మన్నప్పుడల్లా
ఆయన గురక ఆగుతది,
కొంచెంసేపు విని
మళ్ల మొదలైతది.